స్వరం ముందా, వ్యవధి ముందా: మ్యూజ్‌స్కోర్ అమరికల గురించి కడప సంగీతోపాధ్యాయినికి సమాధానం

ప్రశ్న: నేను కడపలో పిల్లలకు గాత్రం, వాయులీనం నేర్పుతున్నాను. రాబోయే అన్నమయ్య జయంతికి తాళ్లపాక వెళ్లి పాడాలని పిల్లలందరూ కలిసి సాధన చేస్తున్నారు. మా బృందంలో చర్చిలో కీబోర్డు వాయించే యువకులు ఇద్దరు, బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరు చేరారు. వారికి స రి గ మ లలో వ్రాసినది చదవడం రాదు, అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ మాత్రమే వచ్చు. అందుచేత నా నోటుపుస్తకంలోని స్వరాలను స్వరపత్రాలు వ్రాసే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను, కాని వారం రోజులుగా రెండు గీతాలు కూడా పూర్తి కాలేదు. పంచమం వ్రాస్తే మంద్రస్థాయిలో పడుతున్నది. ఎస్, ఆర్ అక్షరాలు నొక్కితే ఏవేవో గీతలు వస్తున్నాయి. వాయించే కీబోర్డును కేబుల్‌తో కలిపితే స్వరాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటున్నాయి. మధ్యలో ఒక స్వరం మరచిపోతే దాన్ని చేర్చడం చేతకావడం లేదు. కొన్ని స్వరాలు ఎర్రగా మారుతున్నాయి. ఈ అమరికలన్నీ ఎక్కడ ఉన్నాయి, ఎలా సరిచేసుకోవాలి? వేరే సాఫ్ట్‌వేర్ కొనడం మేలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట తోచినది ఇది. మీకు సాఫ్ట్‌వేర్ చేతకావడం లేదన్నది నిజం కాదు. మీరు స్వరాన్ని తలచుకునే క్రమం ఒకటి, ఆ సాఫ్ట్‌వేర్ మొదటినుండి ఆశించే క్రమం మరొకటి. మన చదువులో ముందు స్వరం మనసులోకి వస్తుంది, తరువాతనే అది హ్రస్వమా, దీర్ఘమా, దాని పక్కన కార్వై, అంటే సాగదీత, ఎంత అన్నది వస్తుంది. మ్యూజ్‌స్కోర్ మామూలు పద్ధతిలో అయితే ముందు ఎంతసేపు అన్నది చెప్పాలి, ఆ తరువాతనే ఏ స్వరం అన్నది చెప్పాలి. మీ ఇబ్బందులలో సగం ఈ ఒక్క తేడానుండే పుట్టాయి. మిగిలిన సగానికి కూడా కారణాలు స్పష్టంగా ఉన్నాయి కనుక ఒక్కొక్కటిగా చెబుతాను. అయోమయం లేకుండా ఉండడానికి కంప్యూటరు మీద ఉన్నవాటిని మీటలు అనీ, వాయించే కీబోర్డు మీద ఉన్నవాటిని మెట్లు అనీ అంటాను.

కొనడం గురించిన మాట ముందే తేల్చేద్దాం. మ్యూజ్‌స్కోర్ ఉచితం, మీ పనికి అది పూర్తిగా సరిపోతుంది. డబ్బు పెట్టి కొనే డొరికోలోనూ స్వరం ముందా వ్యవధి ముందా అన్న ఇదే ఎంపిక ఉంది, అక్కడ కె మీట నొక్కితే ఆ క్రమం మారుతుంది. ఎన్నో ఏళ్లుగా పేరున్న ఫినాలే అనే సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని దాని తయారీదారులు 2024 ఆగస్టులో నిలిపివేశారు, కనుక పాత కాపీ ఎవరైనా ఇస్తామన్నా ఇప్పుడు దానితో మొదలుపెట్టవద్దు. కంప్యూటరులో నడిచే మ్యూజ్‌స్కోర్ వేరు, అదే పేరుతో స్వరపత్రాలు పంచుకునే వెబ్‌సైటులో చందా కట్టించుకునే సేవ వేరు. మీరు వ్రాసుకోవడానికి ఆ చందా ఏమీ అవసరం లేదు.

ఇక అసలు పని. ఎన్ మీట నొక్కితే స్వరాలు ఎక్కించే స్థితిలోకి వెళతాము, మళ్లీ ఎన్ నొక్కినా, ఎస్కేప్ నొక్కినా బయటికి వస్తాము. లోపల ఉన్నప్పుడు అంకెల మీటలు వ్యవధులు. 5 అంటే క్వార్టర్ నోట్, 6 అంటే హాఫ్ నోట్, 7 అంటే హోల్ నోట్. కిందికి వస్తే 4 ఎనిమిదో వంతు, 3 పదహారో వంతు. చుక్క మీట నొక్కితే ఆ వ్యవధికి సగం కలుస్తుంది. గీతాలకు నేను పాటించే లెక్క ఒకటుంది. ఒక అక్షరకాలం పట్టే హ్రస్వ స్వరాన్ని క్వార్టర్ నోట్‌గా, రెండు అక్షరకాలాల దీర్ఘాన్ని హాఫ్ నోట్‌గా, దీర్ఘం పక్కన ఒక కామా ఉంటే మూడు అక్షరకాలాలు కనుక చుక్క పెట్టిన హాఫ్ నోట్‌గా వ్రాస్తాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి మీరూ చేసి ఉంటారేమోనని అనుమానం. మన స్వరలిపిలో కామా, సెమికోలన్ అన్నవి నిశ్శబ్దం కాదు, వెనుకటి స్వరాన్ని సాగదీయడం. వాటికోసం 0 మీట నొక్కితే అక్కడ విరామ చిహ్నం పడుతుంది, చర్చిలో నేర్చుకున్న యువకులు దాన్ని చూసి నిజాయితీగా చేయి ఎత్తేస్తారు, పాట తెగిపోతుంది. కార్వైకి ఎప్పుడూ వ్యవధి పెంచాలి. ఆవర్తనం దాటి సాగవలసివస్తే టి మీటతో అదే స్వరాన్ని తరువాతి గదిలోకి, అంటే నిలువు గీతల మధ్య ఉండే తరువాతి భాగంలోకి, కలిపి వ్రాయాలి.

మీరు 4.5 లేదా ఆ తరువాతి వెర్షన్ వాడుతున్నారో లేదో హెల్ప్ మెనూలో చూసుకోండి. మ్యూజ్‌స్కోర్ 4 మొదట 2022 డిసెంబరులో వచ్చింది, 4.5 వెర్షన్ 2025లో వచ్చింది. ఈ 4.5 నుండే స్వరం ముందు, వ్యవధి తరువాత అనే పద్ధతిని చేర్చారు. పైన పెన్సిలు బొమ్మ పక్కన ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే పద్ధతుల జాబితా తెరుచుకుంటుంది. అందులో ఇన్‌పుట్ బై డ్యూరేషన్ అన్నది ఎంచుకోండి. ఇప్పుడు ఇ అక్షరం నొక్కితే గాంధారం గీతల మీద నీడలా కనబడి ఆగుతుంది. బాణం మీటలతో దాన్ని పైకో కిందికో సరిచేసుకోవచ్చు. 5 నొక్కినప్పుడు అది ఒక అక్షరకాలంతో స్థిరపడుతుంది, 6 నొక్కితే రెండుతో స్థిరపడుతుంది. మీ నోటుపుస్తకంలో "గా" అని చదివి, ముందు గాంధారం, తరువాత దీర్ఘం అని మనసు నడిచే దారిలోనే వేళ్లు నడుస్తాయి. ఒక గీతం ఈ పద్ధతిలో, మరొకటి పాత పద్ధతిలో ఎక్కించి చూడండి. స్వరాలు దాదాపు అన్నీ సమానమైన వ్యవధితో ఉండే సరళీ స్వరాలకు పాత పద్ధతే హాయి, ఎందుకంటే 5 ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు. దీర్ఘాలు, కార్వైలు కలగలిసిన గీతాలకూ కీర్తనలకూ కొత్త పద్ధతి మేలు. ఒకే పద్ధతికి కట్టుబడి ఉండనక్కరలేదు, గదికొకసారి మార్చుకున్నా తప్పేమీ లేదు.

ఎస్, ఆర్ నొక్కితే గీతలు వస్తున్నాయన్నారు. మీరు స, రి అనుకుని నొక్కుతున్నారు, కాని మ్యూజ్‌స్కోర్‌కు తెలిసినవి పాశ్చాత్య స్వరనామాలైన ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి మాత్రమే. ఎస్ అంటే దానికి రెండు స్వరాలను కలిపే వంపుగీత, ఆర్ అంటే ఇప్పుడే వ్రాసినదాన్ని మళ్లీ వ్రాయమని ఆజ్ఞ, ఎం అంటే ఖాళీ గదులను కుదించి చూపే అమరిక, ఎన్ అంటే స్వరాల స్థితి నుండి బయటికి పొమ్మనడం. ఇంకా ప్రమాదకరమైనవి మరో రెండు ఉన్నాయి, ఎందుకంటే అవి ఏ గీతా గీయకుండా మౌనంగా తప్పు స్వరం వ్రాస్తాయి. షడ్జమాన్ని సి అనుకుంటే, గ కోసం జి నొక్కినప్పుడు పడేది గాంధారం కాదు, పంచమం. ద కోసం డి నొక్కినప్పుడు పడేది ధైవతం కాదు, రిషభం. మీ మొదటి గీతంలో గాంధారాలన్నీ ఒకసారి వినిచూడండి.

ప్రిఫరెన్సెస్‌లోని షార్ట్‌కట్స్ పుటలో ఏ మీట ఏ స్వరాన్ని వ్రాయాలో మార్చుకునే వీలు ఉన్నది. ఎస్ నొక్కితే సి స్వరం, ఆర్ నొక్కితే డి స్వరం పడేటట్టు అన్నీ మార్చుకోవచ్చునని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నేను కర్నూలులో పాఠాలు చెప్పే తొలి రోజులలో ఆ పని చేశాను. ఆ కంప్యూటరు మీద వేగం పెరిగిన మాట నిజమే. కాని మరో చోట మరో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా నా వేళ్లు తప్పులు వ్రాశాయి, నన్ను చూసి నేర్చుకున్న పిల్లలు స్టాఫ్ మీది జి గీతను గాంధారమని చదవడం మొదలుపెట్టారు. వారి తప్పుకు కారణం నేనే. అందుచేత అలా మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను. దానికి బదులు చిన్న కాగితపు ముక్కల మీద స, రి, గ, మ, ప, ద, ని అని వ్రాసి వరుసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి మీటల మీద అతికించండి. పది రోజుల తరువాత ఆ ముక్కలు ఊడిపోయినా మీకు వాటి అవసరం ఉండదు.

మరో చిన్న చిక్కు కూడా ఉంది, మీరు అడగలేదు గాని సాహిత్యం వ్రాసేటప్పుడు తప్పక ఎదురవుతుంది. స్వరాల కింద తెలుగు సాహిత్యం వ్రాయడానికి కంట్రోల్ ఎల్ నొక్కి, విండోస్ భాషను తెలుగుకు మారుస్తారు. సాహిత్యం పూర్తయ్యాక భాషను తిరిగి ఇంగ్లీషుకు మార్చకుండా స్వరాలకు వస్తే, అక్షరాల మీటలు ఎంత నొక్కినా ఏమీ పడదు, పాడైపోయిందని భయపడతాము. విండోస్ మీటా స్పేస్ మీటా కలిపి నొక్కితే భాష మారుతుంది. స్వరాలన్నీ ముందు పూర్తిచేసి, సాహిత్యమంతా చివర ఒకేసారి వ్రాసుకుంటే ఈ మార్పిడి ఒక్కసారితో పోతుంది. పాత అను ఫాంట్లు కాకుండా యూనికోడ్ ఫాంట్లు వాడండి, లేకపోతే అవతలివారి కంప్యూటరులో అక్షరాలు చెదిరిపోతాయి.

పంచమం మంద్రస్థాయిలో పడుతున్నదన్నారు. ఇది మీ ఉత్తరంలోని అతి మంచి ప్రశ్న, ఎందుకంటే దీని వెనుక నియమాన్ని ఒకసారి తెలుసుకుంటే ఇక ఎప్పుడూ ఆశ్చర్యపోరు. అక్షరం నొక్కినప్పుడు అది ఏ స్థాయిలోదో మీరు చెప్పడం లేదు కదా, అందుకని మ్యూజ్‌స్కోర్ వెనుకటి స్వరానికి గీతల లెక్కలో దగ్గరగా ఉన్న స్థాయిని తానే ఎంచుకుంటుంది. స నుండి మ వరకు పైకి మూడు అడుగులు, కనుక మధ్యమం సరిగ్గా పైన పడుతుంది. స నుండి ప వరకు పైకి నాలుగు అడుగులు, కాని కింది మంద్ర పంచమానికి మూడే అడుగులు. అది దగ్గరిదని కిందిదాన్ని వ్రాస్తుంది. ఇదే నియమం తిరగబడి కూడా పనిచేస్తుంది. ప తరువాత స నొక్కితే కింది షడ్జమం కాక తారస్థాయి షడ్జమం పడుతుంది. మొదటి సరళీ స్వరంలో అడుగడుగునా పక్క స్వరమే వస్తుంది కనుక ఈ ఇబ్బంది తెలియదు. దాటు స్వరాలకు వచ్చేసరికి వరుసగా తప్పుతుంది. మోహన రాగంలో వ్రాసేటప్పుడు కూడా స నుండి ప కు దూకే చోటల్లా ఇది కనిపిస్తుంది.

దీనికి మందు అమరికలలో లేదు, వేళ్లలో ఉంది. స్వరం తప్పు స్థాయిలో పడగానే కంట్రోల్ పట్టుకుని పై బాణం నొక్కితే ఒక స్థాయి పైకి, కింది బాణం నొక్కితే ఒక స్థాయి కిందికి జరుగుతుంది. వెంటనే సరిచేయడం ముఖ్యం, ఎందుకంటే తరువాతి స్వరం స్థాయిని దీన్ని చూసే నిర్ణయిస్తుంది. ఒకటి వదిలేస్తే వెనుక వచ్చేవన్నీ దాని వెంట కిందికి దిగిపోతాయి. మీ గీతంలో ఒక చోటి నుండి మొత్తం మంద్రంలోకి వెళ్లి ఉంటే, జరిగింది ఇదే. దాన్ని చెరిపి మళ్లీ వ్రాయనక్కరలేదు. మొదటి తప్పు స్వరాన్ని నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిదాన్ని నొక్కితే ఆ భాగమంతా ఎంపిక అవుతుంది, అప్పుడు కంట్రోల్ పై బాణం ఒక్కసారి నొక్కితే చాలు.

కంట్రోల్ లేకుండా ఉత్త బాణాలు నొక్కితే అరస్వరం చొప్పున జరుగుతుంది. పైకి జరిపితే షార్పుగానూ, కిందికి జరిపితే ఫ్లాటుగానూ వ్రాస్తుంది. ఇది మాయామాళవగౌళలో పాఠాలు చెప్పే మనకు బాగా పనికివచ్చే సంగతి. సి ని షడ్జమం అనుకుంటే శుద్ధ రిషభం డి ఫ్లాట్, శుద్ధ ధైవతం ఏ ఫ్లాట్. డి వ్రాసి కింది బాణం నొక్కితే సరైన రూపంలో వస్తుంది. కాని సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, మలహరిలోని గీతాలు అన్నింటిలోనూ ప్రతి రిషభానికీ ప్రతి ధైవతానికీ ఇలా బాణం నొక్కుతూ కూర్చోవడం వృథా శ్రమ. దానికి మంచి దారి కీ సిగ్నేచర్‌ను, అంటే స్వరపత్రం మొదట ఉండే షార్పు, ఫ్లాటు గుర్తుల వరుసను, మనమే తయారుచేసుకోవడం. డి కి, ఏ కి మాత్రమే ఫ్లాట్ ఉండే కీ సిగ్నేచర్ పాశ్చాత్యుల మామూలు జాబితాలో లేదు, కాని వ్యూ మెనూలోని మాస్టర్ పాలెట్‌లో కీ సిగ్నేచర్స్ అన్న చోట ఆ రెండు ఫ్లాట్లను గీతల మీద పెట్టి కొత్తదాన్ని సృష్టించుకోవచ్చు. దాన్ని స్వరపత్రం మొదట పెట్టిన తరువాత మీరు ఉత్త డి నొక్కినా శుద్ధ రిషభమే పడుతుంది, ఉత్త ఏ నొక్కినా శుద్ధ ధైవతమే పడుతుంది. పదిహేనో మేళకర్త అయిన మాయామాళవగౌళకు ఒకటి తయారైతే మలహరికి కూడా అదే చాలు, ఎందుకంటే ఆ జన్యరాగం ఈ స్వరాలనే వాడుకుంటుంది. మీరు తరచుగా చెప్పే మేళాలకు ఒక్కొక్కటి చేసి పాలెట్‌లో దాచుకోండి. చదివేవారికి కూడా దీనివల్ల మేలు ఉంది. ప్రతి స్వరం ముందూ ఫ్లాట్ గుర్తు కనిపిస్తే ఆ యువకులకు రాగం చెదిరిన ముక్కలుగా కనిపిస్తుంది, మొదట్లో ఒక్కసారి కనిపిస్తే రాగం రూపం ఒకటిగా అర్థమవుతుంది.

వాయించే కీబోర్డు సంగతి. ప్రిఫరెన్సెస్‌లోని నోట్ ఇన్‌పుట్ పుటలో మిడి (వాయించే కీబోర్డు నుండి కంప్యూటరుకు స్వరాలు పంపే పద్ధతి) ఇన్‌పుట్‌కు అనుమతి ఇచ్చే గడిలో టిక్కు ఉండాలి, మిడి పరికరాల పుటలో మీ కీబోర్డు పేరు ఎంపికై ఉండాలి. కేబుల్ కలిపి కీబోర్డును వెలిగించిన తరువాత మ్యూజ్‌స్కోర్ తెరిస్తే తగాదా తక్కువ. మీ విషయంలో ఇవన్నీ సరిగానే ఉన్నాయి, లేకపోతే స్వరాలు అసలు పడేవే కావు. అవి ఒకదానిపై ఒకటి పేరుకోవడానికి కారణం మీ చేతిలోని మంచి అలవాటే. మన వాయింపులో స్వరానికీ స్వరానికీ మధ్య తెగు ఉండకూడదని మనం మొదటినుండి నేర్చుకుంటాము, అందుచేత ఒక మెట్టు వదలకముందే తరువాతి మెట్టు మీద వేలు పడుతుంది. మ్యూజ్‌స్కోర్ మాత్రం రెండు మెట్లు ఒకేసారి కిందికి ఉంటే వాటిని కార్డుగా, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుగా, భావించి ఒకే నిలువు వరుసలో పేరుస్తుంది. వ్రాసేంతసేపు మాత్రం ఒక్కొక్క మెట్టు పూర్తిగా వదిలి తరువాతది నొక్కండి. ఇది వాయించడం కాదు, చెప్పి వ్రాయించడం అనుకుంటే చేయి త్వరగా సర్దుకుంటుంది.

మెట్లతో వ్రాయడంలో గొప్ప లాభం, స్థాయి ఏదో మీ వేలే చెబుతుంది కనుక పంచమం మంద్రంలో పడే ఇబ్బంది ఉండదు. ఒక నష్టమూ ఉంది. నల్ల మెట్టుకు పేరు లేదు. సి కి, డి కి మధ్య ఉన్న నల్ల మెట్టు మీకు శుద్ధ రిషభం, కాని మామూలు కీ సిగ్నేచర్‌లో మ్యూజ్‌స్కోర్ దాన్ని సి షార్ప్‌గా వ్రాయవచ్చు. అప్పుడు షడ్జమం, రిషభం రెండూ ఒకే గీత మీద కూర్చుంటాయి. వినికిడికి తేడా లేకపోయినా చదివేవారికి రిషభమే లేని రాగంలా కనిపిస్తుంది. ఆ స్వరాన్ని ఎంచుకుని జె మీట నొక్కితే అదే శబ్దానికి మరో పేరు, అంటే డి ఫ్లాట్, వస్తుంది.

జాబితాలో రియల్ టైమ్ అనే పద్ధతులు రెండు కనిపిస్తాయి. ఒకటి మెట్రోనోమ్ నడకతో వ్రాసేది, రెండోది కాలితో తొక్కే పెడల్‌తో వ్రాసేది. మెట్రోనోమ్ పద్ధతిలో ఒక స్వరానికీ తరువాతి స్వరానికీ మధ్య విరామం నోట్ ఇన్‌పుట్ పుటలో 750 మిల్లీసెకండ్లుగా ఉంటుంది, అంటే సెకనులో ముప్పావు భాగం. మీరు వాయిస్తూ పోతే అదే వ్రాసుకుంటూ పోతుందన్న ఆశతో చాలామంది దీన్ని ఎంచుకుంటారు. నా అనుభవంలో ఆ విరామాన్ని ఎంత పెంచినా, గమకంతో వాయించే చేతికి ఇది సరిపడదు. ఒక కంపితం వేయగానే నాలుగు చిన్న స్వరాలు పడతాయి. మీ పనికి దీన్ని వదిలేయండి. గమకాన్ని కాగితం మీద పెట్టాలన్న తాపత్రయం కూడా ఈ పనిలో పెట్టుకోవద్దని నా మనవి. స్టాఫ్ మీద స్వరం అస్థిపంజరం మాత్రమే ఉండనివ్వండి, నడక మీరు పాడి వినిపించండి.

మరచిపోయిన స్వరాన్ని మధ్యలో చేర్చడం గురించి. మామూలు పద్ధతిలో కొత్త స్వరం పాతదాన్ని తోసివేయదు, దాని స్థానంలో కూర్చుంటుంది. అందుకే మీరు ఒకటి చేర్చబోతే ఉన్నది పోయింది. జాబితాలో ఇన్‌సర్ట్ అనే పద్ధతి ఉంది, అది మిగతావాటిని పక్కకు జరిపి చోటు చేస్తుంది. కాని ఒక హెచ్చరిక. అది జరిపేది ఆ గది లోపలే. గది మొత్తం పొడవు పెరిగిపోతుంది, పైన చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తుకు మన భాషలో అర్థం, ఈ ఆవర్తనంలో ఒక అక్షరం ఎక్కువైంది, తాళం తప్పింది అని. ఆదితాళంలో వ్రాసిన గీతంలో ఇలా జరిగితే తరువాతి గది సమం దగ్గర మొదలైనట్టు కాగితం మీద కనిపిస్తుంది, చేతిలో తాళం మాత్రం ఒక దెబ్బ వెనుకబడుతుంది. కనుక తాళబద్ధమైన వాటిలో ఇన్‌సర్ట్ వాడవద్దు. మరచిన చోటి నుండి పాట చివరి దాకా ఎంచుకుని కంట్రోల్ ఎక్స్ తో కత్తిరించి, ఒక అక్షరకాలం తరువాతి చోట నొక్కి కంట్రోల్ వి తో అతికించండి. గదుల సరిహద్దులను అదే చూసుకుంటుంది, ఖాళీ అయిన చోట మీ స్వరం వ్రాసుకోవచ్చు. తాళం లేకుండా రాగమాలికగా పాడే శ్లోకాన్ని వ్రాసుకునేటప్పుడు మాత్రం ఇన్‌సర్ట్ చక్కగా పనికివస్తుంది, అక్కడ గది పొడవుకు అర్థం లేదు కనుక.

అదే జాబితాలో రీపిచ్ అనేది ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, మనకు మాత్రం ఎంతో ఉపయోగం. ఇది ఉన్న వ్యవధులను అలాగే ఉంచి స్వరాలను మాత్రం మారుస్తుంది. మొదటి సరళీ స్వరం వ్రాసి, దాన్ని కావలసినన్ని సార్లు కాపీ చేసి, రీపిచ్‌లో రెండోదీ మూడోదీ ఎక్కించుకుంటూ పొండి, అంకె మీట ముట్టనక్కరలేదు. మూడు కాలాల కోసం మరో సదుపాయం ఉంది. మొదటి కాలంలో వ్రాసిన భాగాన్ని కాపీ చేసి, అతికించేటప్పుడు కంట్రోల్ షిఫ్ట్ క్యూ నొక్కితే వ్యవధులన్నీ సగమై రెండో కాలం తయారవుతుంది, ఆ రెండో కాలాన్ని మళ్లీ అలాగే చేస్తే మూడో కాలం వస్తుంది. క్యూ బదులు డబ్ల్యూ నొక్కితే వ్యవధులు రెట్టింపవుతాయి. మనం చేత్తో మూడు సార్లు వ్రాసి పిల్లలకు ఇచ్చే పాఠం రెండు నిమిషాల పని అవుతుంది.

ఎర్రబడిన స్వరాలు తప్పు కాదు. నోట్ ఇన్‌పుట్ పుటలోనే ఆ వాద్యం పలికే పరిధి దాటిన స్వరాలకు రంగు వేసే గడి ఒకటుంది. కొత్తగా నేర్చుకునేవారి పరిధి దాటితే ముదురు పసుపు, నిపుణుల పరిధి కూడా దాటితే ఎరుపు. ఈ రంగులు తెర మీద మాత్రమే, అచ్చులో రావు. మీ వాయులీనం వరుసలో అతి కింది తీగ జి కి దిగువన ఏదైనా పడిందంటే ఎర్రబడుతుంది. మీ పాట మంద్రానికి జారిపోయినప్పుడే ఈ ఎరుపు వచ్చి ఉంటుంది, స్థాయి సరిచేస్తే అది కూడా పోతుంది. ఆ గడిని తీసేయకండి. తప్పు పట్టుకునే ఆ కన్ను ఉండనివ్వండి. రాత్రిపూట ఇంట్లోవారు నిద్రపోతుండగా ప్రతి స్వరం మోగడం ఇబ్బందిగా ఉంటే, ప్లే నోట్స్ వెన్ ఎడిటింగ్ అన్న గడిలో టిక్కు తీసేయవచ్చు. నేనైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడమే మంచిదంటాను, గాంధారం బదులు పంచమం పడినప్పుడు కంటికన్న ముందు చెవి పట్టుకుంటుంది.

అన్నమయ్య సంకీర్తనలు వ్రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉన్నది గాని స్వరం లేదు. ఈనాడు మనం పాడే బాణీలు చాలావరకు తరువాతి విద్వాంసులు కూర్చినవి. ఒకే పాటకు రెండు బాణీలు ఉండడం కూడా కద్దు. కనుక మీ గురువుగారి దగ్గర మీరు నేర్చుకున్న బాణీ ఎవరు కూర్చినదో స్వరపత్రం పైన కంపోజర్ అన్న చోట తప్పక వ్రాయండి. రేపు ఆ యువకులు మరో చోట అదే పాట మరో విధంగా విన్నప్పుడు మీ కాగితం తప్పని అనుకోకూడదు.

చివరిగా క్లారినెట్ పెద్దాయన. మీరు ఉత్తరంలో ఆయన గురించి ఇబ్బంది చెప్పలేదు, బహుశా ఇంకా ఆయన కాగితం వ్రాయలేదేమో. మన బ్యాండు మేళాలలో ఎక్కువగా వాడే బి ఫ్లాట్ క్లారినెట్‌లో కాగితం మీద సి అని వ్రాసినది వాయిస్తే వినిపించేది బి ఫ్లాట్, అంటే పూర్తి ఒక స్వరం కింద. ఆయన అందరితో కలిసి సి పలకాలంటే ఆయన కాగితంలో డి అని ఉండాలి. ఈ లెక్క మీరు చేయనక్కరలేదు. స్వరపత్రంలో ఆయన వరుసకు బి ఫ్లాట్ క్లారినెట్ అనే వాద్యాన్నే ఎంచుకోండి, ఎక్కించేటప్పుడు కన్సర్ట్ పిచ్ అన్న బొత్తాన్ని వేసి ఉంచి అందరికీ రాసినట్టే షడ్జమాన్ని సి గా వ్రాయండి. అంతా అయ్యాక ఆ బొత్తాన్ని తీసేయండి, ఆయన వరుస ఒక్కటే పైకి జరిగి కనిపిస్తుంది, అప్పుడు పార్ట్స్ అన్న చోటినుండి ఆయన కాగితం విడిగా అచ్చు తీయండి. ఇవ్వబోయే ముందు మొదటి షడ్జమం దగ్గర చూడండి. కీబోర్డు యువకుల కాగితంలో అది సి గా ఉండి, ఆయన కాగితంలో డి గా ఉంటే అమరిక సరిగా ఉన్నట్టు.